ఆయాసం

హాలిఫాక్స్‌లో చదునైన చోటంటే
బిలియర్డ్స్ బల్ల ఒక్కటే.
మిగతా ఊరంతా ఎక్కుడో, దిగుడో.
ముప్ఫై ఏళ్లుగా ఈ ఊరి పియానోలకు శ్రుతి చేస్తున్నాను
మడత సైకిల్ మీద తిరిగి.
ముందు సంచిలో శ్రుతిదండం, మేకులు తిప్పే చెవి, ఉన్నిపట్టీ.
రైలొస్తే మూడు మడతలు వేసి
చంకనెత్తుకునేవాణ్ణి,
ఏడవని పిల్లాడిలా ఉండేది.

మొన్న చలికాలంలో
సాల్టర్‌హెబుల్ ఎగువన, మలుపు దగ్గర,
కుడి మోకాలు ఇక నావల్ల కాదంది.
దాని తప్పేముంది,
దానికీ అరవై మూడేళ్లే.

బెరిల్ గ్రీన్‌వుడ్ ఒకప్పుడు పాలబళ్ల షెడ్డులో
బ్యాటరీలకు నీళ్లు పోసిన మనిషి.
ఊరు లేవకముందే చప్పుడు లేకుండా తిరిగే కరెంటు బళ్లు అవి,
పైన సీసాలు, కింద టన్ను సీసం.
"ఆ సీసమంతా ఇప్పుడు
సాక్సులో పడుతుందయ్యా" అని
వంటింటి బల్ల మీద ఇరవై సెల్లులు దొర్లించింది.

కేకుల పిండి తూచే త్రాసు తెచ్చాం.
చక్రం నడుమ కూర్చునే మోటారు
రెండు కిలోలు, పైన చిటికెడు.
సెల్లులు కిలోకి కాస్త తక్కువ.
సబ్బుబిళ్లంత కంట్రోలరు.
తీగలు, అయస్కాంతాల బిళ్ల,
ఆఖరికి ఇన్సులేషన్ టేపు కూడా తూచాను.
నలభై సెల్లులు పెడదాం, హడర్స్‌ఫీల్డ్ పోయి రావచ్చు, అంది బెరిల్.
వద్దన్నాను.
శ్రుతి మించితే రాగాన పడుతుంది.
స్టేషను మెట్ల మీద బండిని మోసేది
మోటారు కాదు, నేను.
స్టాండు తీసేశాను. పంపు తీసేశాను.
వెనక చట్రం విప్పి పక్కింటి కుర్రాడికిచ్చాను.
గంట మాత్రం ఉంచుకున్నాను,
అది సరిగ్గా సి షార్ప్ పలుకుతుంది.

ముందు ఫోర్కు ఇరుకు.
ఆకురాయితో ఒక సాయంత్రమంతా రుద్దాం,
ఇనపరజను బెరిల్ టీలో పడింది, తాగేసింది.
కొత్త చక్రానికి ఇరవై ఎనిమిది చువ్వలు.
బిగువు కొలిచే పరికరం ఆమె వెతుకుతుంటే
నేను వేలితో ఒక్కోటీ మీటాను.
పద్నాలుగోది కాస్త దిగువ పలికింది,
పావు తిప్పు.
ఇరవయ్యోది గీర పోయింది,
అర తిప్పు వదులు.
దీపాలు వేసే వేళకు చక్రమంతా ఒకే గొంతు.
తిప్పితే తొణకలేదు.
బెరిల్ ఏమీ అనలేదు,
పరికరం కోసం లాగిన సొరుగు మూసేసింది.

మంగళవారం, చినుకులు.
పెడలు సగం తిరిగిందో లేదో
ముందు చక్రం లాగింది,
మేత వాసన తగిలిన గాడిదలా.
కింద జి దగ్గర మొదలైన మోటారు పాట
మలుపులో ఎఫ్‌కి జారి, అక్కడే పట్టు బట్టింది.
నా మోకాలు ఊరికే తిరిగింది,
పెళ్లికొచ్చిన చుట్టంలా, పనున్నట్టు.

ఎగువ చివరి ఇల్లు అంబ్రోజ్ ఆగ్డెన్‌ది.
ఎవరూ వాయించని పియానోకి ఏడాదికి రెండుసార్లు
శ్రుతి చేయిస్తాడు.
ఇన్నాళ్లూ అక్కడికి చేరితే
చెవుల్లో నా గుండే డప్పు కొట్టేది.
రెండు తీగల మధ్య కొట్టుకునే సన్నటి అల
ఆ రొదలో ఎలా వినపడుతుంది?
పావుగంట కూర్చోవాలి.
ఆ పావుగంటలో ఆయన టీ పోసేవాడు,
పోయిన భార్య విన్నీ సంగతులు చెప్పేవాడు,
ఆయాసం తగ్గగానే ఆపేసేవాడు.

ఇవాళ ఊపిరి ఊపిరిలాగే ఉంది.
కోటు విప్పుతూనే పియానో మూత ఎత్తాను.
వెనక్కి చూస్తే
గుమ్మంలో కెటిల్‌తో అంబ్రోజ్,
ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.
"ఏం, అప్పుడే మొదలెడతావా?"

మూత దించాను.
ఛాతీ మీద చెయ్యి వేసుకుని
"అబ్బ, ఈ ఎగువ ఉందే" అని కూలబడ్డాను.
నడవలో మడిచిన బండి,
హబ్బు ఇంకా గోరువెచ్చగా,
ఉన్న నిజం దానికే తెలుసు.

రెండు కప్పులు తెచ్చాడు.
పంచదార ఎక్కువైంది.
"విన్నీకి" అన్నాడు కూర్చుంటూ,
"ఎప్పుడూ ఎడమచెయ్యే తొందర."