చక్రాల దేవసహాయం చెప్పిన పిట్టలు

మూలపాడు అడవిలో ఆరుంబావు.
మెడ వెనక్కి విరిచి నిలబడ్డాను,
బైనాక్యులర్ నిండా బిల్లుడాకులు.
ఒకటి కదిలింది.
గాలి.
ఇంకొకటి కదిలింది.
అదీ గాలే.
మూడోది కదిలిందో లేదో ఎగిరిపోయింది,
అది ఆకు కాదు.

"చూపు తొందరపడుద్ది" అన్నాడు దేవసహాయం,
రాయనపాడు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు
వ్యాగన్ చక్రాలకి సుత్తి తగిలించి
బీట ఎక్కడుందో చెవితో పట్టినవాడు.
కుడికంట్లో శుక్లం. ఎడమది సగం.
పిట్టల పుస్తకం తెరిస్తే బొమ్మలు తడుముతాడు,
రంగులు అడగడు.

టంక్. టంక్. టంక్.
"కంసాలి పిట్ట. మా డ్యూటీయే దానిదీ.
కాకపోతే సుత్తి గొంతులోనే పెట్టుకుంది."
వెతగ్గా వెతగ్గా
చిటారున ఎండుపుల్ల మీద
ఆ నుదుటి ఎర్రబొట్టు నాకు దొరికేసరికి
ఆయన వేరే చెట్టు కిందికి పోయాడు.

కింద నుంచి నాకు కనపడేవన్నీ పొట్టలే.
ఆకాశం వెలుగుకి ప్రతి పిట్టా నల్లదే.
రెక్క మీద చారుందా, తోక కింద తెలుపుందా,
పుస్తకం అడిగే ప్రశ్నలకి
పైనుంచి జవాబు రాదు,
నా చొక్కా మీద పడ్డ ఒక చుక్క తప్ప.

ఆ చుక్కనే వేలికి తీసుకుని సాగదీశాడు.
జిగురు. మధ్యలో గింజ.
"బదనిక పండు తినొచ్చింది. పైన బదనిక ఉందా?"
అడవి అంచు మామిడికి ఉంది,
అద్దెకొచ్చి ఇల్లంతా ఆక్రమించినట్టు.
"అయితే అక్కడే చూడు. బొటనవేలంత ఉంటది."
ఉంది.
ఒళ్ళంతా బూడిద, ముక్కు ఒక్కటే లేత గులాబి.
పేరు రాసుకుంటుంటే అక్షరాలు వణికాయి.

తిరుగుదారిలో, కాలిబాట మలుపులో, ఆగాడు.
పైన ఎక్కడో
సీసా మీద గాజుమూత తిప్పినట్టు
సన్నటి కూత. రెండుసార్లు.
నేను పైకి చూడలేదు, ఆయన మొహం చూశాను.
సుత్తి పట్టే చెయ్యి గాల్లో నిలిచిపోయింది.
"ఇది నేనెరగను" అన్నాడు,
మొండి బాకీ వసూలైనవాడిలా నవ్వుతూ.
"టైం రాయి. చెట్టు రాయి. పేరు దగ్గర వదిలెయ్."

ఏడూ ఇరవై రెండు. నల్లమద్ది.

కొండపల్లి వైపు గూడ్సు పోతోంది అప్పుడు,
పొడుగాటి బండి, యాభై పైనే వ్యాగన్లు.
ఎక్కడో ఒక చక్రం తేడాగా కొట్టుకుంటోంది,
అది నాక్కూడా వినపడింది.
దేవసహాయం తల మాత్రం
చెట్టు వైపు నుంచి తిరగలేదు.