మ్యాపులో నీలం

పాఠం దిగాలంటే గుట్ట ఎక్కాలి.
శ్మశానంలో శిలువల వరస దాటాక
ఫోను తలమీదికెత్తితే రెండు గీతలు.
రాత్రి పదకొండుకి మొదలైంది
నలభై మూడు శాతం దగ్గర ఆగి
గుండ్రంగా తిరుగుతూ మీనమేషాలు లెక్కపెడుతుంది.
మీనాలు ఎలాగూ లేవు.
కింద దొడ్లో కదిలే మేషాల్ని
దుప్పటి ముసుగులోంచి నేనే లెక్కపెడతాను.

తెల్లారి బడి, దోన్ ఎలూతేరియో పడవలో.
గది పైరేకు గాలికి లేచిపోయిన నాటినుంచి
ఈ తెల్లటి బయల్లో చాటున్నది దానికొక్కదానికే.
తెడ్లు పెట్టే చోట పలకలు,
చేపలు పోసే చోట చిన్నపిల్లలు,
పదకొండు మందికి ఒకే టాబ్లెట్,
అద్దానికి అడ్డంగా పగులు.

తెరమీద తెల్ల ఎలుగుబంటి ఏడుస్తోంది.
పాఠం చెప్పే ఆవిడది సముద్రం అవతలి స్పానిష్,
మాటమాటకీ నాలుక పళ్ళమధ్య ఇరుక్కుంటుంది.
నాయ్డా అచ్చం అలాగే పలికి అందర్నీ నవ్వించింది.
నవ్వు సద్దుమణిగాక అడిగింది:
"ఎలుగుబంటికి తిండి లేదా టీచర్?"
లేదన్నాను.
"మరి గనికి పోవచ్చుగా, మా నాన్నలాగా?"

చివర్న ప్రశ్నలు.
2050 నాటికి కొన్ని సరస్సులు ఏమై ఉండవచ్చు?
కింద నాలుగు గళ్ళు.
విల్మర్ వేలు గాల్లో ఆగింది.
"నేను పుట్టకముందే అయిపోయింది,
అనే గడి ఎక్కడుంది?"
వెతికాం. లేదు.
ఏదో ఒకటి నొక్కాడు.
ఎర్రగా వెలిగింది:
తప్పు. మళ్ళీ ప్రయత్నించండి.

ఆ ఏడు నాకు పద్నాలుగు.
ఒడ్డుపొడుగునా చేపలు తెల్లటి పొట్టలు చూపించాయి.
పారలతో ఎత్తాం, మూడు రోజులు.
అమ్మ ఒక్క పెహెర్రెయ్‌ని ఉప్పులో పెట్టి
తినడానికి మనసొప్పక ఏడాది దాచింది.
పుట్టి మునిగిందని ఏడుద్దామంటే
మునగడానికైనా జానెడు నీళ్ళుండాలి కదా.
ఇవేవీ పిల్లలకి చెప్పలేదు.
తర్వాతి పేజీ తిప్పాను.

మీకు దగ్గరలోని జలాశయాన్ని మ్యాపులో గుర్తించండి.

మ్యాపు కూడా రాత్రే దించాను.
పెద్దది చేస్తే గోధుమరంగు, ఇంకా గోధుమరంగు,
ఆ తర్వాత ఒక్కసారిగా
కళ్ళు చెదిరే నీలం.
ఒడ్డుతో సహా, పేరుతో సహా,
ఎవరూ చెరపడం గుర్తులేక వదిలేసిన నీలం.
దాని నడిబొడ్డున మినుకుమంటూ ఒక చుక్క.
ఆ చుక్క మనమేనని చెప్పాను.

"టీచర్, మునిగిపోయాం!" అని అరిచాడెవడో.
అంతే, పదకొండు మందీ పడవలోంచి దూకారు.
ముక్కులు మూసుకున్నది ఒకరు,
చేతులతో గాలిని వెనక్కి తోసింది ఇంకొకరు.
ఉప్పుపొర కాళ్ళకింద అప్పడంలా విరుగుతుంటే
టాబ్లెట్ ఎత్తిపట్టుకుని ముందు నాయ్డా,
వెనక అందరూ, వాళ్ళ వెనక కుక్క.
చుక్క నీలంలో కదిలింది.
వేగం గంటకి నాలుగు కిలోమీటర్లు,
పడవే వెళ్తోందనుకుంది కాబోలు.

పక్షుల గుంపులు దిగే చోటని మా నాన్న చెప్పిన దాకా నడిచాం.
అక్కడ ఒక సీసా, ఒక టైరు,
ఎండి గులాబీరంగు పోయిన ఈక ఒకటి.
ఈకని విల్మర్ జేబులో పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేసరికి దోన్ ఎలూతేరియో
పడవ అంచుమీద కూర్చుని ఉన్నాడు.
ఏం చదివారని అడిగాడు.
పిల్లలు తెర చూపించారు, వేలితో చుక్క చూపించారు.
ముసలాయన కళ్ళు చికిలించి,
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని,
చాలాసేపు చూసి, మెల్లగా అడిగాడు:

"ఇక్కడ లోతెంత చూపిస్తోంది?"