మళ్ళీ పెట్టమ్మా

సచివాలయంలో మిషను మూడోసారీ ఒప్పుకోలేదు.
"మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు కుర్చీలో అబ్బాయి.
విసుగేం లేదు పాపం, నా వయసే ఉంటుంది.
అమ్మ బొటనవేలు చీరకి తుడుచుకుంది,
నోటితో ఊదింది,
వేడి గిన్నెని ముట్టుకున్నట్టు మళ్ళీ పెట్టింది.
ఎర్ర దీపం.

పదకొండేళ్ళుగా కాశీబుగ్గలో
జీడిపిక్కలు కొడుతుంది మా అమ్మ.
ఆముదం రాసుకున్నా బూడిద అద్దుకున్నా
జీడి ఊరుకోదు,
వేలి మీది గీతల్ని ఒక్కొక్కటే నాకేసింది.
పప్పు మాత్రం గుండుగా తెల్లగా రావాలి,
విరిగితే గ్రేడు పడిపోద్ది, కూలి పడిపోద్ది.
వేలికి గ్రేడు లేదు.

నాన్న వేరావల్లో ఉన్నాడు.
ఆగస్టులో పలాసలో రైలెక్కి
రెండు రాత్రులు తలుపు దగ్గర కూర్చుని
దిగీదిగగానే బోటెక్కుతాడు.
ఇరవై రోజులు ఫోను కలవదు.
కలిసిన రోజు మొదటి మాట
"ఫీజు కట్టీసారా?"
రెండో మాట గాలి ఎత్తుకుపోతుంది.

"మన సంద్రంలో సేపల్నేవేటి నాన్నా?"
చిన్నప్పుడు అడిగాను.
"సేపుంది. జెట్టీ నేదు."
అంతే చెప్పాడు. వల మడత పెట్టుకున్నాడు.

నేనూ వెళ్ళాను ఒకసారి.
ఒకటీ రెండూ తరగతులు అక్కడే,
అమ్మ రొయ్యలొలిచే షెడ్డు వెనక
మూడు కుటుంబాలకి ఒక రేకుల గది.
బడిలో నా పేరు నోరు తిరక్క మద్రాసీ అన్నారు.
మద్రాసు ఎక్కడుందో నాకూ తెలీదు.
తిరిగొచ్చాక మన బడిలో
గుజరాతీ గుంట అన్నారు.
ఇప్పటికీ చిల్లర లెక్కపెడితే
ఏక్, బే, త్రణ్ అనే వస్తుంది లోపల.
ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పలేదు.
శ్రీకాకుళం కాలేజీలో మొదటిరోజు పరిచయాల్లో
మా నాన్నది బిజినెస్ అన్నాను.
చేపల బిజినెస్సే కదా అని
హాస్టల్లో దుప్పటి కింద నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా క్లాసులో ఆమదాలవలస పిల్లలు ఇద్దరు,
కొత్తవలస నుంచి ఒకమ్మాయి.
ఎప్పుడో ఎవరో నడిచి నడిచి
మూటలు దించిన చోట్లట ఆ ఊళ్ళు,
తెలుగు మేడం చెప్పింది.
దించిన చోటుకి వలస అని పేరు పెట్టుకున్నారు, సరే.
ఎత్తుకున్న చోటుకి ఏం పేరు?
మాది పేట.
ఏప్రిల్ దాకా ఊళ్ళో
ముసలాళ్ళూ, మీసాలు రాని గుంటలూ తప్ప మగాళ్ళుండరు.
శవాన్ని మొయ్యాలన్నా పక్కూరికి కబురెట్టాలి.
స్కాలర్‌షిప్పు కాగితంలో శాశ్వత చిరునామా దగ్గర
పెన్ను ఎంతసేపు ఆగిందో
నాకు తెలుసు.

"వేళ్ళు పదీ అయిపోయాయి.
కన్ను పెట్టి చూద్దాం"
అబ్బాయి ఇంకో మిషను తెచ్చాడు.
"కంటికేటీ అవ్వదు కదా బాబూ?"
"ఏం కాదమ్మా. రెప్ప వెయ్యకు, అంతే."

వెయ్యలేదు.
తుపాను కబురున్న రాత్రుళ్ళు
ఎలాగూ వెయ్యదు.

పచ్చ దీపం.
తెర మీద పేరొచ్చింది, సూరాడ కాములమ్మ.
చదువు రాని అమ్మ వంగి, కళ్ళు చిట్లించి చూసింది.
"నానేనేటి?"
"నువ్వేనమ్మా."
ఇంకోసారి చూసుకుంది.

ఆటోలో చిల్లర తీసి లెక్కపెట్టాను.
ఎందుకో ఈసారి పైకే వచ్చేసింది
ఏక్, బే, త్రణ్...
అటు జీడితోటల వైపు తిరిగి కూర్చున్న అమ్మ
ఇటు తిరక్కుండానే
"చార్" అంది.