ఎంగిలి నక్షత్రాలు

పత్తి పుల్లని నాలుక మీద తడిపి
పేటిక మూత మీద మెల్లగా దొర్లిస్తాను.
నవ్వకండి, మా వృత్తిలో ఇది పద్ధతే.
సీసాల్లోని ద్రావకాల కన్నా మెత్తగా
మనిషి నోటి తడి మురికిని ఊడదీస్తుంది.
అమ్మమ్మ చూసుంటే చేతిలోది లాక్కునేది:
"దేవుడి బొమ్మల మీద ఎంగిలా, పాపిష్ఠిదానా!"

హోబర్ట్‌లో జూన్ నెల.
నాలుగున్నర కాకుండానే పొద్దు కొండ వెనక్కి జారింది.
మ్యూజియం నేలమాళిగలో ఒక దీపం,
నేనూ, నఖ్తి గారి మూతా.
ఆయనేమయ్యాడో కాగితాల్లో లేదు.
మూత మాత్రం ఓడెక్కి వచ్చింది.

లోపలి వైపు, పడుకున్నవాడికి మాత్రమే కనపడేలా,
నాలుగు వేల ఏళ్ళ కిందటి రాత్రి.
నిలువు గళ్ళు ముప్ఫై ఆరు, అడ్డ గళ్ళు పన్నెండు.
ఒక్కో చుక్క పేరూ పదిరోజులకో మెట్టెక్కి
ఏటవాలుగా పై అంచు దాటి పోతుంది.
చచ్చినవాడు లేచి కూర్చోకుండానే
జామెంతయిందో చూసుకోవాలని.

పదిహేడో వరసలో చిత్రకారుడు ఒక చుక్కని మింగేశాడు.
అక్కణ్ణుంచి గంటలన్నీ ఒక గడి తప్పు.
తెలిసే ఉంటుంది. చోటు చాలక ఊరుకున్నాడు.
చూసేవాడు ఎవరికి చెబుతాడులే అనుకున్నాడేమో.
రిజిస్టర్లో రాశాను,
చాడీ చెప్పినట్టే అనిపించింది.

నడిమి పట్టీలో నలుగురు.
నూత్, ఆకాశం తానే అయిన ఆడది,
సందెవేళ సూర్యుణ్ణి మింగి తెల్లారి కంటుంది.
ఆమె ముందు ఎవరి ఎంగిలి ఎంత?
భుజం మీదుగా వెనక్కి చూస్తూ నడిచే సాహ్,
వాడి నడుము దగ్గరి మూడు చుక్కలే మా గొల్లకావిడి.
వాడి వెంట సోప్దెత్, వెలుగుల పిల్ల.
ఇంకా, నరికిన ఎద్దు ముంగాలు ఒకటి, ఏడు చుక్కలది.
శవం నోరు తెరిచే బాడిసకీ అదే వంపట.
మేం దాన్ని ముసలమ్మ మంచం అనేవాళ్ళం,
దొంగలు మోసుకుపోతుంటారని.
మాంసమో మంచమో,
ఆ దేశంలో ఆ చుక్కలు అస్తమించవు.
అందుకే చచ్చిన ప్రతివాడికీ అక్కడికే పోవాలని.

రాత్రి కాపలా కేలమ్ టీ కప్పుతో దిగాడు.
(అతని పేరు తెలుగులో రాస్తే ఒక్క గీతలో కాలం అవుతుంది.)
"ఆ ఎద్దు కాలు ఇప్పుడెటుంది?"
నేల చూపించాను. ఉత్తరంగా, మన చెప్పుల కింద.
అస్తమించనివాళ్ళు ఈ ఊళ్ళో ఉదయించరు.
ఒక్కరాత్రికి కూడా, ఒక్క చుక్క కూడా.

నా పెళ్ళి గుర్తొచ్చింది.
పట్టపగలు పదకొండింటికి పురోహితుడు వేలెత్తి
అదుగో అరుంధతి అంటే
ఇద్దరం కళ్ళు చికిలించి, కనపడిందని తలూపాం.
అరుంధతి ఆ ఎద్దు కాల్లోనే ఉంది.
ఇక్కడైతే అబద్ధం ఇంకా సుళువు.

కేలమ్ కప్పు కడుక్కుని వెళ్ళాడు.
నిన్న సాయంత్రం కొండ మీద సోప్దెత్‌ని చూశాను.
ఇవాళ తెల్లవారుజామున డెర్వెంట్ నది మీద మళ్ళీ తనే.
వాళ్ళకి డెబ్బై రోజులు కనపడకుండా పోయేది.
శవాన్ని ఉప్పులో ఆరబెట్టేదీ డెబ్బై రోజులే.
తిరిగి పొడిచిందంటే వరద, కొత్త సంవత్సరం,
పోయినవాళ్ళు వస్తారని ధైర్యం.
ఇక్కడ అది చావనే చావదు.
ఈ ఆకాశం కింద పుట్టుంటే నఖ్తికి
ఏ ఆశ ఉండేదో, ఏ పంచాంగం ఉండేదో.

మళ్ళీ పుల్ల తడిపాను.
సోప్దెత్ ముఖం మీది మసి కొంచెం కొంచెంగా వదులుతోంది.
వాడిన పుల్ల తిరిగి నోట్లో పెట్టకూడదు,
పాత రంగుల్లో విషం ఉంటుంది, మొదటిరోజు నేర్పేది అదే.

ఇవాళ మరిచిపోయాను.
ఉప్పగా, కాస్త పొగ వాసనతో ఉంది.