మొదటి గాటు

ట్రైనింగులో ఇచ్చిన చార్టులో
ఎర్రటి ఆకులు రాలుతున్నాయి.
వాటి నడుమ పళ్ళికిలించిన గుమ్మడికాయ.
"శరదృతువు వచ్చింది, పిల్లల చేత మాట్లాడించండి"
అని కింద అచ్చు.

పెదజాలరిపేటలో ఆకులు రాలవు.
ఆశ్వయుజం వెళ్తూ వెళ్తూ
హార్బరులో మూడో నంబరు హెచ్చరిక ఎక్కించి పోతుంది.
బోట్లు ఇసకెక్కుతాయి,
నాన్నలు ఇళ్ళల్లో వలలు బాగుచేసుకుంటారు,
నా ఒకటో తరగతిలో హాజరు పలచబడుతుంది.

"ఇదేటో చెప్పండర్రా" అన్నాను చార్టు చూపించి.
"దిష్టిబొమ్మ టీచర్!" గదంతా ఒకే గొంతు.
"మా పిన్నోలు కొత్తిల్లుకి కట్టీసినారు."
"మరి ఆకులేటి అలా ఎర్రగున్నాయి, చీడా?"
నేను చార్టు చుట్టేశాను.

హెచ్చరిక దిగిన రోజు
రైతుబజారు నుంచి తొమ్మిది కిలోల కాయని
సింహాద్రప్పడి ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను,
బీచిరోడ్డు గతుకుల్లో
నెలలు నిండినదాన్నేమో అన్నంత జాగ్రత్తగా.

ముందు ముట్టుకోమన్నాను.
"చల్లగున్నాది."
"గాడులు గాడులుగున్నాది."
మసేను చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
ఏం వినపడింది రా?
"ఏటీ లేదు టీచర్. తొంగున్నాది."

మునుగుతుందా, తేలుతుందా?
వంటశాల గంగాళం నిండా నీళ్ళు పోశాం.
ఎత్తి చూసిన వాళ్ళంతా మునుగుద్దన్నారు.
ఎల్లాజీ మాత్రం వేలి కణుపుతో కొట్టి,
తల వంచి, ఇంకోసారి కొట్టి,
"లోపల బోలు. మా బోటులాగే తేల్తాది" అన్నాడు.
తేలింది.
ఆ పూటకి వాడే టీచరు.

ఇక కోయాలి.
ఆయా పైడమ్మ కత్తి వెనక్కి దాచేసింది.
"ఆడోళ్ళు గుమ్మిడికాయ కోయకూడదమ్మా.
మొదటి గాటు మగోడిదే అవ్వాల."
ఉన్న ఒక్క మాస్టారూ ఓటర్ల జాబితాల పని మీద పోయారు.
వాచ్‌మన్ పోస్టు నేను చేరిన నాటి నుంచీ ఖాళీ.
పోనీ, మగపిల్లాడి చేత ముట్టిస్తే?
మసేను రెండు చేతులూ చొక్కాలోకి లాక్కున్నాడు.

అప్పుడు లోవకుమారి లేచింది.
పేరు పిలిస్తే పలక వెనక దాక్కునే పిల్ల.
"మా అమ్మ కోనెం కోస్తాది టీచర్.
నా అంత కోనెం.
దీనికేటి?"

గోడ అవతలే వాళ్ళమ్మ.
ముంజేతులకి పొలుసులు మెరుస్తుంటే
కత్తిపీటతో సహా వచ్చి గుమ్మం దగ్గర ఆగింది.
"నీసు మీద ఉన్నానమ్మా, లోపలికి రావచ్చా?"
నేను పైడమ్మ వైపు చూశాను.
పైడమ్మ కిటికీ వైపు చూసింది.

పిడుగు పడ్డట్టు ఏమీ కాలేదు.
కాయ రెండుగా విచ్చుకున్న చప్పుడుకి
పిల్లలంతా ఒక్కసారి ఊపిరి లోపలికి లాగారు, అంతే.
పసుపూ నారింజా కాని ఆ రంగుకి
నా పాఠంలో పేరు లేదు.
"ఉడికిన రొయ్య రంగు" అన్నారెవరో.
రాసుకున్నాను.
ఆవిడ పైటచెంగుతో కత్తి తుడుచుకుని
బేరం పోతుందని వెళ్ళిపోయింది.

విత్తనాలు పదేసి కుప్పలు.
వేళ్ళన్నీ జిగురు, నేలంతా జిగురు.
లెక్క తప్పడం, కొట్టుకోవడం, మళ్ళీ మొదలు.
మూడువందల నలభై ఒకటి,
అని బోర్డు మీద పెద్దగా రాశాను.
రెండో లెక్కకి మూడు తగ్గాయి.

"గుమ్మడికాయల దొంగ ఎవరర్రా?" అన్నాను గట్టిగా.
ఎవరూ భుజాలు తడుముకోలేదు;
ఆ సామెత వాళ్ళకింకా చెప్పలేదు నేను.
లోవకుమారి మాత్రం
జడ రిబ్బను ముడిని ఒకసారి తడిమి
చెయ్యి దించేసింది.

తీసివేతలు వచ్చే నెల పాఠం.
అయినా వేసి చూపించాను, జవాబు మూడు అని.
ఆ మూడూ ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.
వంటశాలలోంచి,
పైడమ్మ పెట్టిన పులుసు పోపు
అప్పటికే ఘుమఘుమలాడుతోంది.