మాట్లాడే వంతు

కారు నడిపేది కిర్స్తి. మాట్లాడేది నేను.
మర్నాడు తారుమారు.
కెమి కాగితపు మిల్లు నుంచి రనువా దారిలో
మా ఊరి దాకా డెబ్భై కిలోమీటర్లు.
పదకొండేళ్ళుగా ఒకటే ఒప్పందం:
పెట్రోలు చెరి సగం, కథలు పూర్తిగా.

నా దగ్గర కథలెప్పుడో అయిపోయాయి.
మా నాన్న బావిలో పడ్డ గొర్రె,
మొదటి పెళ్ళి, రెండో పెళ్ళి, కుక్క మోకాలి ఆపరేషన్,
అన్నీ రెండేసి చలికాలాలు చెప్పాను.
ఇప్పుడు సరుకుల చీటీ చదువుతాను:
సాల్మన్ తోక, రై రొట్టె, బ్యాటరీలు నాలుగు.
ఆమె ఊ కొడుతుంది.
మా ఉత్తరాన ఊ కొట్టడమంటే
ఊపిరి లోపలికి పీలుస్తూ “యో” అనడం.
చలికి నోరు పెద్దగా తెరవక్కర్లేని మాట.

నిద్ర సుఖమెరగదు, సరే.
మంచెరగదు, మలుపెరగదు,
ఎదురొచ్చే దుంగల లారీనెరగదు.
పగలు కిటికీకి నల్ల తెర కట్టి
మంచం మీద ఎంత బతిమాలినా రానిది,
ఇక్కడ వేడిగాలి మోకాళ్ళకు తగిలేసరికి
పిలవని పేరంటానికి వచ్చి
మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది.

మిల్లు గేటు దగ్గర బోర్డు ఉంది:
ప్రమాదం లేని రోజులు 412.
గేటు బయట జరిగేది ఆ లెక్కలోకి రాదు.

జనవరి. ఉదయం ఆరున్నర.
తెల్లవారడానికింకా నాలుగు గంటలు.
బాయిలర్ గదిలో పోట్లాట గురించి చెబుతున్నాను.
కొత్త ఫోర్‌మన్ వచ్చాడా,
“యో.”
థర్మాస్ గోడకేసి కొట్టాడా,
“యో.”
ఎవరిది తప్పంటావ్, కిర్స్తీ?
“యో.”

ఆ ప్రశ్నకు యో ఏమిటి?

తల తిప్పి చూశాను.
డాష్‌బోర్డు పచ్చవెలుగులో
రెప్పలు రెండూ మూసి ఉన్నాయి.
పెదాలు మాత్రం డ్యూటీలో ఉన్నాయి.

స్టీరింగ్ ఎవరు లాగారో చెప్పలేను.
మంచు గట్టు నా వైపు తలుపును
ఆ చివర నుంచి ఈ చివరకు గీరింది.
ఆగాం.
దీపాల వెలుగులో ఓ రెయిన్‌డీర్
మమ్మల్ని చూసింది.
తర్వాత చూడడం మానేసింది.

“వింటూనే ఉన్నాను,” అంది కిర్స్తి.
నిజమే. థర్మాస్ దాకా పొల్లుపోకుండా అప్పజెప్పింది.

మైనస్ ఇరవై ఆరు. ఇంజను ఆపలేదు.
సీట్లు వెనక్కి వాల్చి
అరగంట పడుకున్నాం.
ఇద్దరికీ కునుకు పట్టలేదు.

ఇప్పుడు కథలు లేవు. లెక్కలడుగుతాను.
నలభైలోంచి తొమ్మిది పోతే?
మీ అమ్మ పడవ పేరు?
తప్పు చెబితే బండి పక్కకు తీయాలి.

నిన్న పదిహేడు మూళ్ళెంతంటే
కాసేపు ఆలోచించి
“థర్మాస్” అంది.

పక్కకు తీశాం.