గుక్కెడు నీళ్ళు

ఆకివీడులో ఎనభై రూపాయలు.
ప్లాస్టిక్ డబ్బాలో ఊదారంగు ఫైటర్ చేప.
"ఈ గుక్కెడు నీళ్ళలో బతుకుద్దా?" అన్నాడు మా ఆయన,
ముప్పై ఎకరాల చెరువుకి రాత్రి కాపలా.

కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి ఒక రోజు వదిలేశాను,
మందు వాసన పోయేదాకా.
పక్కింటి బాదంచెట్టు కింద రాలిన ఎండాకు
కడిగి వేశాను. తొట్టి టీ రంగుకి తిరిగింది.
కెజియా గులకరాళ్ళు లెక్కపెట్టి మరీ సర్దింది.

తెల్లారి
బురద కాళ్ళతోనే గాజు ముందు కూలబడ్డాడు.
చేప రెక్కలు విప్పి ఆయన మీదికి లేచింది.
ఏరేటర్ ఆగితే
టన్నులకి టన్నులు తెల్లగా తేలే చోటు నుంచి వచ్చిన మనిషి
"దీనికి గాలి మిషను అక్కర్లేదా?" అన్నాడు.
"పైకొచ్చి అదే పీల్చుకుంటుంది."

డ్యూటీ బట్టలతోనే చాలాసేపు చూశాడు,
అది పైకొచ్చినప్పుడల్లా
తనూ ఊపిరి తీసుకుంటూ.